అటక మీది విషం... ఊరు దాటేదెలా?

పురుగుల మందు అడుగు సీసా, వాడేసిన ఇన్సులిన్ సూది, పగిలిన ట్యూబ్‌లైట్, ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ... చెత్తబుట్టలో వేయకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. మరి వీటిని భద్రంగా సాగనంపడం ఎలా?

దసరా వస్తోందంటే నిజామాబాద్ జిల్లాలో ఇల్లిల్లూ దులుపుడే. పోచంపాడ్ ప్రాజెక్టు నీళ్లతో పంట పండించే ఏ ఇంట్లోనైనా అటక మీది సామాను దించితే ఇలాంటి సీసా ఒక్కటైనా బయటపడుతుంది. లేబుల్ సగం చిరిగిపోయి ఉంటుంది. అడుగున నాలుగు వేళ్ల ఎత్తున మందు. కోడలు దాన్ని చీర కొంగుతో పట్టుకుని దించుతుంది.

‘‘అత్తమ్మా, గీ మందు ఎప్పటిది?’’

‘‘ఏమో బిడ్డా! మీ మామ చెరుకుకు తెచ్చిండు. ఉండనీ, ఎప్పుడన్న పనికొస్తది.’’

అలా ఆ సీసా మళ్లీ అటకెక్కుతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన చాలామంది వరికి మళ్లారు. చెరుకు మందులు మాత్రం కొట్టంలోనో అటక మీదో ఉండిపోయాయి. వాటిలో కొన్నింటిని ఇప్పుడు వాడటమే నేరం. ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్ 2020 చివరితో నిషేధంలోకి వెళ్లాయి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లోనే ఆపేసింది. ఇక పెద్దవాళ్లు గమాక్సిన్ అని పిలుచుకునే పొడి మీద నిషేధం వచ్చి పాతికేళ్లు దాటింది. పనికొస్తుందని దాచుకున్నవాటిలో పనికొచ్చేవి ఎన్నో చూసుకోవాల్సిందే!

నూనె డబ్బా నేర్పిన పాఠం

2013 జులై 16. బిహార్‌లోని సారణ్ జిల్లా, ధర్మసతి గండామన్ గ్రామం. బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు ఉందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. నూనె పోసింది మందు డబ్బాలోనే అయి ఉంటుందన్న అనుమానం అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ మందు 36 శాతం ద్రావణాన్ని మన దేశం 2023లో నిషేధించింది.

విషాన్ని సర్దడంలో మొదటి సూత్రం ఇక్కడే ఉంది. మందు ఏ డబ్బాలో వచ్చిందో అందులోనే ఉండాలి. కూల్‌డ్రింక్ సీసాలోకి, నీళ్ల బాటిల్‌లోకి ఒంపకూడదు. లేబుల్ ఊడిపోతుంటే టేపుతో అతికించాలి. పోయి ఉంటే చెరగని పెన్నుతో మందు పేరు రాయాలి. పేరే తెలియదా? ‘విషం- పేరు తెలియదు’ అని రాసినా చాలు. అది చూసిన మనిషి మూత తీసి వాసన చూసే సాహసం చేయడు.

డబ్బా తుప్పు పట్టి కారుతోందనుకోండి. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, డబ్బాను అలాగే మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో నిలువుగా పెట్టాలి. చుట్టూ పొడి ఇసుక పోయాలి. కారినదాన్ని ఇసుక పీల్చుకుంటుంది. రెండు సీసాల అడుగు మందును ఒకదాంట్లోకి ఒంపి ‘జాగా కలిసొచ్చింది’ అనుకోవడం మాత్రం వద్దే వద్దు. ఏ మందుతో ఏది కలిస్తే ఏమవుతుందో మనకెవరికీ తెలియదు. స్నానాల గది కడిగే ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ రెండూ ఒకే సంచిలో కూడా ఉండకూడదు.

ఇక ఖాళీ డబ్బాల సంగతి. మందు కొట్టే రోజే డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, బాగా కలిపి, ఆ నీటిని స్ప్రే పంపులోనే పోసుకోవాలి. అలా మూడుసార్లు. మందూ వృథా కాదు, డబ్బాలో విషమూ మిగలదు. తర్వాత అడుగున చిల్లు పొడిస్తే మళ్లీ ఎవరూ నీళ్లకు వాడరు. కాలువ గట్టున కూర్చుని కడిగితే? ఆ నీరు పారేది పక్క ఊరికే.

సూది గుచ్చుకునేది ఎవరికి?

షుగర్ ఉన్న ఇంట్లో రోజూ ఇన్సులిన్ సూదులు పోగవుతుంటాయి. పాలిథిన్ కవర్లో చుట్టి చెత్తలో పడేస్తే ఆ సూది ముందుగా కలిసేది సఫాయి కార్మికురాలి అరచేతిని. చెత్త వేరు చేసేది ఆమె కాబట్టి. అవతలి మనిషికి ఏ జబ్బుందో తెలియక నెలల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటూ భయంతో బతకాల్సి వస్తుంది. మూత బిగించే గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి సూదులకే కేటాయించి, ముప్పావు వంతు నిండగానే మూతకు టేపు చుట్టి, ‘సూదులు’ అని రాస్తే సరిపోతుంది. ఖర్చు? పాత డబ్బానే కదా!

బ్యాటరీలది మరో తంటా. రెండు కొసలకూ టేపు అంటించాలి. లేదంటే ఒకదానికొకటి తగిలి నిప్పు రేగుతుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని పొడవడం, నొక్కడం చేయకుండా పొడి ఇసుకలో ఉంచాలి. ట్యూబ్‌లైట్‌లో, సీఎఫ్ఎల్ బల్బులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి అందరూ పావుగంట బయటికి వెళ్లాలి. ఆ తర్వాత చీపురు పట్టకుండా అట్టముక్కతో ముక్కలు ఎత్తి, తడి కాగితంతో తుడిచి, అన్నీ మూత ఉన్న సీసాలో వేయాలి. కాలం చెల్లిన మాత్రలు అట్టతోనే ఉండనివ్వాలి.

దుండిగల్ దాకా...

సర్దిన పెట్టె చివరికి చేరాల్సిన చోటు ఎక్కడ? తెలంగాణలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో ఉంది. 2001 నుంచి నడుస్తోంది. పోచంపాడ్ చౌరస్తా నుంచి జాతీయ రహదారి మీద రెండొందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అలాంటి కేంద్రాల్లో వచ్చిన సరుకును ముందు పరీక్షిస్తారు. కాల్చాల్సినదాన్ని 1100 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మిగిలినదాన్ని సిమెంటు, సున్నం కలిపి గట్టిపరచి, అడుగున లీకవని పొరలు పరిచిన గోతిలో పూడుస్తారు. ఇంటి వెనక గుంత తీసి పాతడానికీ దీనికీ తేడా అదే.

కార్ఖానా అయితే ఈ ప్రయాణానికి లెక్కాపత్రం ఉండాలి. ఏం పంపుతున్నారో రాసిన పత్రం ఏడు ప్రతులు, డబ్బా మీద లేబుల్, డ్రైవర్ దగ్గర ప్రమాద సూచనల కార్డు. అవి లేకుండా బండి కదలకూడదు. ఇంటికి ఈ కట్టుబాటు లేదు. అందుకే మన చేతిరాతే ఆ పత్రం. ఆలస్యమైతే ఏమవుతుందో భోపాల్‌కు తెలుసు. 1984 విషాదం తర్వాత యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను 12 కంటైనర్లలో పీథంపూర్‌కు తరలించింది 2025 జనవరిలో. నలభై ఏళ్లు పట్టింది!

చట్టం మాట వినండి. ఇంటి ప్రమాదకర చెత్తను వేరుగా ఇవ్వాలని, ప్రతి 20 చదరపు కిలోమీటర్లకో సేకరణ కేంద్రం ఉండాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగు రకాలుగా విడదీయమంటున్నాయి. ఇందోర్‌లో ఇంటికొచ్చే చెత్తబండిలోనే ఇలాంటి చెత్తకు వేరే అర ఉంటుంది. మన దగ్గర పల్లెప్రగతిలో పంచాయతీకో ట్రాక్టరు వచ్చింది. దానికి ఆ అర ఉందా, సేకరణ కేంద్రం ఎక్కడ, దుండిగల్‌కు పంపేది ఎవరు అని పంచాయతీ కార్యదర్శిని, మున్సిపాలిటీ అధికారిని అడిగి తెలుసుకోవాల్సిందే.

జవాబు వచ్చేదాకా? పెట్టెకు తాళం వేసి, పిల్లలకు, పశువుల దాణాకు, పొయ్యికి దూరంగా ఉంచాలి. కేంద్రానికి తీసుకెళ్లే రోజు డబ్బాలు నిలువుగా, కదలకుండా సర్దాలి. బియ్యం, కూరగాయల సంచులతో కలపకూడదు. ఆర్టీసీ బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లే పని కాదిది.

అన్నట్టు, అటక మీది ఆ చెరుకు మందు సీసా. దాన్ని ఈసారి బకెట్‌లో ఇసుక మధ్య నిలబెట్టి, మీద పేరు రాసేటప్పుడు అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. లేబుల్ పోయిన మందు పేరు గుర్తున్నది ఆమెకే.