నాలుగో జ్వరం లేచే లోపల జీపు సీటు మార్చాం



పోయిన పంటప్పుడు గ్రూపులో పెట్టిన ఫొటోలో మా జీపు సీటు చూసి "ఏమప్పా, రేసుకు పోతారా?" అని నవ్వినోళ్ళు కొందరు. ఎక్కడ కొన్నారు, ఎంత పడింది, మా బండికి పడుతుందా అని ఫోన్ చేసినోళ్ళు ఇంకా కొందరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాం. ఈసారి పురుగుల సంగతి తక్కువ, బండి సంగతి ఎక్కువ. ఓర్చుకోండి.

మాది పాత మహీంద్రా జీపు. వెనక బెంచీలు పైకి మడిచి ఆకు మోపులు వేస్తాం, గూళ్ళు విడిపించినాక శిడ్లఘట్ట మార్కెట్టుకూ అదే పోతుంది. తోటకీ షెడ్డుకీ మధ్య రెండు కిలోమీటర్లు బండిబాట. అందులో సగం చెరువు కట్ట. మీకు తెలిసిందే, పురుగులు మొత్తం పంటలో తినే ఆకులో 80 శాతం పైన నాలుగో జ్వరం లేచినాకనే తింటాయి. ఆ ఏడు రోజులు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొమ్మలు కోసి తేవాలి, సాయంత్రం మళ్ళీ తేవాలి. జీపు నిలిచిపోతే మేత నిలిచిపోతుంది. నడిపే మనిషి నిలిచిపోయినా అంతే.

మా ఇంట్లో ఎక్కువ నడిపేది అన్న. ఆయన సీటు గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. రెగ్జిన్ చినిగి స్పాంజి పొడి పొడిగా రాలేది. ఎడమ పక్క పూర్తిగా కూరుకుపోయి కింది ఇనుము తగిలేది. గోనె సంచి నాలుగు మడతలు వేసి పైన పాత దుప్పటి కప్పి నడిపాం. ఒక ఏడాది కాదు, మూడేళ్ళు. పురుగుల షెడ్డుకు కొత్త వల, కొత్త స్టాండ్లు, తోటలో డ్రిప్పు, అన్నిటికీ డబ్బు దొరికింది. మనిషి కూర్చునే చోటికి దొరకలేదు. అన్న కూడా ఎప్పుడూ అడగలేదు. నడుము పట్టేసిందంటే వదిన వేడి నీళ్ళు కాచేది, మరుసటి రోజు మళ్ళీ అదే సీటు.

ఎండాకాలం పంటలో, నాలుగో జ్వరం లేచిన మూడో రోజు సాయంత్రం, మోపులు వేసుకుని కట్ట ఎక్కుతూ ఉండగా అన్న ఎడమ కాలు తిమ్మిరెక్కింది. క్లచ్ మీద పాదం ఉందో లేదో తెలియలేదంట. బండి ఆగిపోయి వెనక్కి జారింది. కుడి కాలుతో బ్రేకు తొక్కి, చేతి బ్రేకు లాగే లోపల పది అడుగులు వెనక్కి పోయి, వెనక చక్రం ఒక కట్ట రాయికి తగిలి నిలిచింది. ఆ రాయికి అవతల నీళ్ళు. వెనక మోపుల మీద మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు.

ఆ రోజు నుంచి పంట అయ్యేదాకా మేం తలా ఒకరు నడిపాం. మేత టైము తప్పింది, రెండు పూటలు వాడిన ఆకు వేశాం. గూడు తూకం తగ్గింది. అన్నను డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, నడుము దగ్గర నరం నొక్కుకుంటోంది అన్నారు. ఆయన మొదట అడిగిన మాట, "ఏ బండి నడుపుతారు, సీటు ఎట్లుంది?" ఒక పక్క కుంగిన సీటులో కూర్చుంటే తుంటి ఒక వైపు ఒరుగుతుంది, నడుము దాన్ని సరిచేసుకోవడానికి వంకర తిరుగుతుంది, దాని మీద గుంతల అదురు. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చోవడం కూడా మానమన్నారు. అది మాలో ఎవరికీ తట్టలేదు.

ముందు మేం చేసింది చాలామంది చేసేదే, కుషన్ షాపుకు పోవడం. సీటు ఫ్రేము గట్టిగా ఉంటే కొత్త సీటు కొనాల్సిన పని లేదు. గట్టి స్పాంజి వేయించి రెగ్జిన్ కుట్టిస్తే చాలు, ఖర్చులో సగం కూడా కాదు. మా సీటు విప్పి చూస్తే వీపు ఆనే ఫ్రేము కింద మడత దగ్గర చీలి ఉంది. కుషన్ మేస్త్రీయే చెప్పినాడు, "దీనికి స్పాంజి వేసి డబ్బు తీసుకుంటే పాపం తగుల్తాది అన్నా." మంచి మనిషి. గుజరీలో పాత కారు సీటు చూద్దామా అనుకున్నాం. కారు సీటు పట్టాలు వేరే, వెడల్పు వేరే. జీపులో గేరు రాడ్డుకూ పక్క రేకుకూ మధ్య ఉండే జాగాలో అది పట్టదు.

అందుకని బెంగళూరు జేసీ రోడ్డుకు పోయాం. జీపులకు ఆఫ్‌రోడ్ సీట్లు అని అమ్ముతారు. అడవుల్లో, రాళ్ళ మీద ఆటగా నడిపేవాళ్ళ కోసం చేసేవి. వీపు ఎత్తుగా తల దాకా వస్తుంది, రెండు పక్కలా అంచులు లేచి మనిషి పక్కకు జారకుండా పట్టుకుంటాయి. మాకు నచ్చింది కింది భాగం. మామూలు సీటులో స్పాంజి కింద రేకు గానీ స్ప్రింగులు గానీ ఉంటాయి. మంచి ఆఫ్‌రోడ్ సీటులో ఇనుప చట్రానికి సాగే పట్టీలు అల్లి, దాని మీద స్పాంజి వేస్తారు. మన నవారు మంచం ఉంది కదా, అదే లెక్క. గుంతలో పడినప్పుడు అదురు పట్టీ మింగుతుంది, నడుముకు కొంచెమే వస్తుంది. అయితే అట్లా అని అమ్మే ప్రతి సీటులోనూ పట్టీలు ఉండవు. పైన ఎర్ర దారంతో కుట్టు, బొమ్మలు, లోపల మాత్రం అదే రేకు, అదే పలచని స్పాంజి. తిరగేసి కింద చూడండి. చూపించనంటే పక్క అంగడికి పోండి.

అన్నను కూర్చోబెట్టాం. ఒక్క నిమిషం కాదు, అరగంట. అంగడాయన టీ తెప్పించాడు గానీ ముఖం మాడ్చుకున్నాడు. పక్క అంచులు బాగా ఎత్తుగా ఉన్న సీటు మొదట బలే సుఖంగా అనిపించింది. దిగేటప్పుడు తొడకు కోసుకుంది. ఆటకు నడిపేవాడు పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దిగుతాడు. మనం మోపు మోపుకూ దిగుతాం, గేటుకు దిగుతాం, ఎదురుగా గొర్రెలొస్తే దిగుతాం. అందుకని అంచులు తక్కువ ఉన్నది తీసుకున్నాం. ముందుకూ వెనక్కూ జరిగే స్లైడర్ ఉన్నదే కావాలన్నాం, యాలంటే వదిన కూడా నడుపుతుంది, ఆమె అన్న కంటే జానెడు పొట్టి. స్లైడర్ లేకుండా బిగిస్తే ఆమె కాలు క్లచ్‌కు అందదు.

గుడ్డ సీటు కాకుండా రెగ్జిన్ తీసుకోవడానికి కారణం పురుగులే. ఆకు ఎక్కువైనప్పుడు ముందర కూడా ఒక మోపు పెడతాం. పక్క పొలాల్లో టమాటాకు మందు కొట్టే మిషను కూడా ఇదే బండిలో పోయి వస్తుంది. చినిగిన స్పాంజి ఆ మందు అంతా పీల్చుకుని ఉండింది, ఎండలో వాసన వచ్చేది. రెగ్జిన్ అయితే సబ్బు నీళ్ళతో తుడిస్తే పోతుంది. మందు మిషను ఇప్పుడు బండిలో ఎక్కించడమే లేదు, అది వేరే మాట. షెడ్డుకు కొట్టే బ్లీచింగ్ నీళ్ళతో మాత్రం సీటు తుడవద్దు, కుట్టు కొరుకుతుంది, పట్టాలు తుప్పు పడతాయి.

సీటు 8,500 అయింది. రెండోది కొనలేదు. పక్క సీటు పాతదే, దానికి కుషన్ షాపే చాలు.

ఇంటికి తెచ్చినాక తెలిసింది మా తెలివితక్కువతనం. వెడల్పు కొలిచాం, పొడవు కొలిచాం, ఎత్తు కొలవలేదు. మా జీపులో డీజిల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. దాని పైన సీటు స్టాండు, దాని మీద స్లైడర్, దాని మీద ఈ సీటు. అన్నీ కలిసి పాతదానికంటే మూడు అంగుళాలు లేచింది. అన్న కూర్చుంటే తొడలు స్టీరింగుకు తగిలాయి, తల టాపు కమ్మీకి ఆనింది. పాత స్టాండు తీసి పొట్టిది చేయించాల్సి వచ్చింది.

అప్పటికి చాకీ పురుగులు ఇంటికి వచ్చి రెండు రోజులైంది. నాలుగో జ్వరం లేవడానికి ఇంకో వారం. చిన్న దశలో ఆకు తక్కువ కాబట్టి బైకు మీద తెస్తూ, జీపు షెడ్డు మేస్త్రీ దగ్గర వదిలాం. పక్క రోజు పోయి చూస్తే ఆయన కడ్డీలు కోసి పెట్టుకుని, వెల్డింగ్ వైరు తగిలించి, నేరుగా బండిలోనే అంటించడానికి కూర్చున్నాడు. కింద ట్యాంకు. అందులో డీజిల్.

"డీజిల్ అంటుకోదు లే అన్నా, పెట్రోలు కాదు కదా. తడి గోనె కప్పుతాను" అన్నాడు.

అన్న సామాన్యంగా గొంతు పెంచడు. ఆ రోజు వైరు పీకేసినాడు. డీజిల్ పెట్రోలంత సులువుగా అంటుకోదు, నిజమే. కానీ వేడికి ట్యాంకులో ఆవిరి పుడుతుంది, మూసి ఉన్న ట్యాంకులో ఆ ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. సగం ఖాళీగా ఉన్నది నిండుగా ఉన్నదానికంటే ప్రమాదం. మేస్త్రీకి కోపం వచ్చింది, రెండు రోజులు పని ముట్టలేదు. ఆ రెండు రోజులు మాకు నిద్ర లేదు, మూడో జ్వరం కూడా అయిపోవచ్చింది. చివరికి ఆయన వయసుకు మర్యాద ఇచ్చి మేమే పోయి మాట్లాడాం. ట్యాంకు దించడానికి కూలి వేరే ఇస్తామన్నాం. దించాడు.

దించడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. మ్యాటు కింద, ట్యాంకు చుట్టూ, నేల రేకు తుప్పు పట్టి వేలితో పొడిస్తే చిల్లు పడేట్టుంది. పొద్దున మంచుతో కోసిన ఆకు నుంచి కారే నీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే నిలిచాయి. ఆ రేకుకు ఎంత మంచి సీటు బిగించినా, గట్టిగా బ్రేకు కొడితే సీటూ మనిషీ కలిసి ముందుకు పోతారు. తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. అప్పుడు ట్యాంకు బయట చెట్టు కింద, మూత బిగించి, దూరంగా ఉంది. బ్యాటరీ వైరు కూడా తీసి పెట్టాం.

స్టాండు మాత్రం బయటే చేసి బోల్టులతో బిగించాం. నాలుగు బోల్టులు, తలమీద 8.8 అని గుర్తు ఉన్నవి. గుర్తు లేనివి మెత్తటివి, సీటుకు పనికిరావు. రేకు కింద మామూలు వాషరు కాకుండా అరచేయి అంత మందపాటి ఇనుప పలక పెట్టాం. ఒత్తిడి వస్తే చిన్న వాషరు రేకును చించుకుని బయటికి వస్తుంది, పలక రాదు. నట్టు లోపల నైలాన్ చుట్టు ఉండే రకం, అదురుకు తొందరగా వదులవదు. స్టాండు, పలకలు, నట్లు, కూలి అన్నీ కలిపి ఇంకో 3,200.

బెల్టు గురించి ఒక మాట. ఆ సీటు వీపుకు పైన రెండు కంతలు ఉంటాయి, రెండు భుజాల మీదుగా వచ్చే నాలుగు పట్టీల బెల్టు కోసం. మా అబ్బాయికి అది కావాలని మోజు. అట్లాంటి బెల్టుకు వెనకాల భుజం ఎత్తున గట్టి ఇనుప కమ్మీ ఉండాలి. అది లేకుండా పట్టీలు నేలకు కడితే, దెబ్బ తగిలినప్పుడు అవి భుజాలను కిందికి లాగి వెన్నెముకనే నలుపుతాయి. నడుము నొప్పికి సీటు వేసి వెన్ను విరగ్గొట్టుకున్నట్టే. మా పాత నడుము బెల్టునే కొత్త రేకుకు పలక పెట్టి బిగించుకున్నాం.

నాలుగో జ్వరం లేవడానికి ఒక రోజు ముందు జీపు ఇంటికి వచ్చింది. సీటు రెగ్జిన్, గమ్ము వాసన పోయేదాకా షెడ్డు దగ్గరికి తేలేదు, తోట గట్టు దగ్గరే ఎండలో నిలిపి మోపులు బైకు మీద దించుకున్నాం. మొదటి రెండు రోజులు ఆ తిప్పలు పడ్డాం.

ఇప్పటికి రెండు పంటలు అయ్యాయి. అన్న కాలు తిమ్మిరి పూర్తిగా పోలేదు. డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నాడు, గంటకొకసారి దిగి నడుస్తున్నాడు. సీటు మందు కాదు గానీ, రోజూ దెబ్బ మీద దెబ్బ తగలడం ఆగింది. వదినకు మాత్రం సీటు నచ్చలేదు. మధ్యాహ్నం ఎండలో రెగ్జిన్ కాలుతుంది అంటుంది, తువ్వాలు పరుచుకుంటుంది. ఇంకొకటి మేం అనుకోనిది. మా అబ్బాయి గుంతల్లో ముందుకంటే జోరుగా నడుపుతున్నాడు. సీటు మెత్తగా ఉంటే గుంత మనిషికి తెలియదు, కమాన్ పట్టీలకు తెలుస్తుంది. పోయిన పంటలో ఒక పట్టీ విరిగింది.

బోల్టులు కొత్తగా బిగించినాక వంద కిలోమీటర్లకు ఒకసారి, ఆ పైన పంటకు ఒకసారి చూసుకోవాలని మేస్త్రీయే చెప్పాడు. ఆయనకూ మాకూ ఇప్పుడు బాగానే ఉంది. నిన్న సాయంత్రం స్పానరు వేసి చూశాం. మూడు గట్టిగా ఉన్నాయి. వెనక ఎడమది అర చుట్టు వదులైంది, బిగించాం.