కండర క్షీణతయు, నిద్రించు కణములును

బాల్యముననే కండరములు క్రమముగా నశించు వ్యాధి యొకటి కలదు. 19వ శతాబ్దమున దీనిని విపులముగా వర్ణించిన ఫ్రెంచి వైద్యుని పేరిట దీనిని డుషేన్ కండర క్షీణత యందురు. ఇంచుమించు 5,000 మంది మగశిశువులలో ఒకరికి ఇది కలుగును. తరచుగా పడిపోవుట, మెట్లెక్కలేకపోవుట, తొడలపై చేతు లూని లేచుట తొలి చిహ్నములు. పండ్రెండేండ్ల ప్రాయమునకే అనేకులకు నడక నిలిచిపోవును. పిదప శ్వాసకండరములును, హృదయమును దుర్బలములగును.

డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తు కండర తంతువును చిరుగకుండ కాపాడును. దాని జన్యువును 1986లోను, ఆ మాంసకృత్తును 1987లోను అమెరికాలో లూయీ కుంకెల్ బృందము గుర్తించెను. ఆ జన్యువు చెడినచో సామాన్యమైన కదలికలకే తంతువులు గాయపడును.

గాయపడిన కండరము తిరిగి పెరుగుటెట్లు? 1961లో అలెగ్జాండర్ మారో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కప్ప కండరమును పరీక్షించి, తంతువుల నంటియున్న చిన్న కణములను కనుగొని, వానికి ఉపగ్రహ కణములని పేరిడెను. సాధారణముగా అవి నిద్రించుచుండును. గాయమైనపుడు మేల్కొని, విభజన చెంది, కొన్ని క్రొత్త తంతువులగును. కొన్ని మరల నిద్రకు పోయి, రాబోవు అవసరమునకు నిలువ యుండును. విత్తనములు మిగుల్చుకొనని రైతునకు మరుసటి పంట లేనట్లే, ఈ నిలువ తరిగిన కండరమునకు పునరుద్ధరణ లేదు. డుషేన్ వ్యాధిలో నెడతెగని గాయములవలన కణముల శక్తి ఉడుగును; కండరమున్నచోట క్రొవ్వును, నారవంటి పదార్థమును చేరును.

ఈ నిద్రావస్థయే డాక్టరు జ్యోత్స్న ధావన్ గారి పరిశోధనకు ప్రధాన విషయము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. యందును, మూలకణ పరిశోధనకై బెంగుళూరులో 2009లో స్థాపింపబడిన ఇన్‌స్టెమ్ సంస్థయందును వారు దీనిని శోధించిరి. కండర కణములను ఆధారము దొరకని చిక్కని ద్రవమున నుంచినచో విభజన మానును. మరల ఆధార మొసగినచో మేల్కొనును. ఈ పద్ధతిచే, నిద్ర యనగా కేవలము నిశ్చేష్టత కాదనియు, జన్యువులు నడపు క్రమబద్ధమైన అవస్థ యనియు తేలినది.

కణములచే చికిత్స సాధ్యమా? 1991లో స్టాన్‌ఫర్డులో హెలెన్ బ్లా ప్రయోగశాలయందు ధావన్ గారు తదితరులు మానవ వృద్ధి హార్మోను జన్యువును చేర్చిన కండర కణములను ఎలుకల కండరములలోని కెక్కించిరి. మూడు నెలలపాటు ఆ హార్మోను వాని రక్తమున కనబడెను. ఇది గొప్ప ఆశను కలిగించెను. కాని ఆ దశకమున డుషేన్ బాలురకు ఇతరుల కణముల నెక్కించిన ప్రయత్నములు ఫలింపలేదు. కణములలో పెక్కు చనిపోయినవి. మిగిలినవి సూది గ్రుచ్చినచోటు దాటి వ్యాపింపలేదు. దేహరక్షణ శక్తియు వానిని తిరస్కరించెను. ప్రయోగశాలలో పెంచబడి మేల్కొన్న కణము, కండరమున మరల నిద్రించు గుణమును కోల్పోవుటయు ఒక చిక్కు. నిద్రా రహస్యము విడినగాని ఈ చిక్కు విడదు.

ఈ లోపల తల్లిదండ్రుల ఆర్తి వ్యాపారమునకు లోబడరాదు. 2017 నాటి జాతీయ మార్గదర్శకముల ప్రకారము, ఇట్టి వ్యాధులకు మూలకణములను ఆమోదిత పరిశోధనకు వెలుపల చికిత్సగా ఒసగుట తగదు. సకాలమున జన్యు పరీక్ష, స్టెరాయిడ్ మందులు, వ్యాయామ చికిత్స, శ్వాస హృదయముల సంరక్షణ బాలుని నడకను, ఆయువును పొడిగించును. శాస్త్రము చూపునది ఆశయే. అది ఇంకను ఔషధము కాలేదు. ఈ భేదమును విడమరచి చెప్పుటయు రోగికి చేయు సేవయే.