బోనులోని పులికి క్యాన్సర్ వస్తే...

జంతుప్రదర్శనశాలల్లోని వన్యమృగాలకు క్యాన్సర్ రావడం అరుదేమీ కాదు. 191 జాతులకు చెందిన 1,10,148 జూ క్షీరదాల రికార్డులను విశ్లేషించిన ఒక అధ్యయనం 2021 చివర్లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. దాని ప్రకారం ఈ ముప్పు మాంసాహార జంతువులకు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకల్లో మాత్రం క్యాన్సర్ మరణం ఒక్కటీ నమోదు కాలేదు.

జూలో వేళకు తిండి, వైద్యం అందడంతో పులులు, సింహాలు ముసలితనం దాకా బతుకుతాయి. వయసు మీరేకొద్దీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కొంత ముప్పు మనుషులు తెచ్చిపెట్టిందే. సంతానం కలగకుండా ఆడ పులులు, సింహాల చర్మం కింద అమర్చిన మెలెంజెస్ట్రాల్ అనే హార్మోన్ మందు వాటిలో రొమ్ము, గర్భాశయ క్యాన్సర్లకు దారితీసింది.

వన్యమృగం జబ్బును చివరిదాకా బయటపడనివ్వదు. తిండి తగ్గడం, నడక మారడం వంటివి రోజూ చూసే కీపర్ కంటే ముందుగా పట్టేవారు ఉండరు. ఆపైన జంతువుకు మత్తు సూది వేసి రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్, బయాప్సీ అన్నీ ఒకే విడతలో ముగిస్తారు. ముసలి జంతువుకు మత్తే పెద్ద గండం. అందుకే ఊచల దగ్గరకొచ్చి తోక అందించి రక్తం తీయించుకునేలా కొన్ని జూలలో పులులకు తర్ఫీదు ఇస్తారు.

గడ్డ ఒకేచోట ఉంటే శస్త్రచికిత్సే మేలైన మార్గం. పులి కుట్లను నాకి, కొరికి తెంపేస్తుంది కాబట్టి, దానంతటదే కరిగిపోయే దారంతో చర్మం లోపలే కుట్లు వేస్తారు. కీమోథెరపీ మందును నరంలోకి ఎక్కించాలంటే ప్రతిసారీ మత్తు తప్పదు. అందువల్ల వీలైనచోట మాంసంలో మాత్రలు దాచి పెడతారు. పులులపై పరీక్షించి నిర్ణయించిన మోతాదులు దాదాపు లేవు. పెంపుడు పిల్లుల అనుభవమే ఆధారం. కుక్కలకు వాడే సిస్‌ప్లాటిన్ పిల్లుల ఊపిరితిత్తుల్లో నీరు చేర్చి ప్రాణం తీస్తుంది కనుక పెద్ద పులుల విషయంలోనూ దాని జోలికి వెళ్లరు. రేడియేషన్‌కు పదేపదే మత్తు ఇవ్వాలి, యంత్రం ఉన్న ఆసుపత్రికి తరలించాలి. చర్మంపై గడ్డలకైతే బ్లియోమైసిన్ మందు ఇచ్చి, గడ్డకు విద్యుత్ స్పందనలు పంపే ఎలక్ట్రోకీమోథెరపీ అనువైనది. స్పందనల ధాటికి కణాల పొరలు కాసేపు తెరుచుకుని మందు లోపలికి చేరుతుంది. కొద్ది విడతల్లోనే పని పూర్తవుతుంది.

వ్యాధి ముదిరాక ఆయుష్షు పొడిగించడం కన్నా జంతువు నొప్పి లేకుండా తిని, తిరిగి, నిద్రపోవడమే ముఖ్యం. నొప్పి నివారణ మందులు, మెత్తటి పడక, సులువుగా నమలగలిగే తిండి అందుకు తోడ్పడతాయి. అవీ పనిచేయక, బతికించడమే క్రూరత్వమయ్యేంత బాధ మిగిలినప్పుడు మాత్రమే కారుణ్య మరణాన్ని భారతదేశపు జూ నియమాలు అనుమతిస్తాయి.