తాళము వేసిన యిల్లు

వేసవి సెలవులలో ఊరికి పోవుచు వీథితలుపునకు పెద్ద తాళము బిగించి, రెండుమారులు లాగి చూచి, నిశ్చింతగా బండి యెక్కితిమి. తిరిగి వచ్చునప్పటికి తాళము చెక్కుచెదరలేదు. గొళ్ళెము మాత్రము మరమేకులతో సహా ఊడి నేలపై నుండెను.

1778లో ఇంగ్లండున రాబర్ట్ బారన్ మీటల తాళమునకు పేటెంటు పొందెను. అందు ప్రతి మీటయు తగిన యెత్తునకు లేచినగాని గడియ కదలదు. ఎక్కువ లేచినను కదలదు. ఇట్టిదానిని తెరవ దొంగ యేల శ్రమపడును? ఇనుపకడ్డీతో గొళ్ళెమునే పెకలించును. కావున తలుపుచెక్కలో ఈవలినుండి ఆవలికి దూరి, లోపలివైపున నట్టుతో బిగియు బోల్టులు గొళ్ళెమునకు వలయును.

బయట వ్రేలాడు తాళము ఇంట నెవరును లేరనియు చాటును. తలుపులో నిమిడియుండు తాళమునకు ఆ దోషము లేదు. అయినను ముగ్గులేని వాకిలియు, గుమ్మమున పేరుకొన్న పత్రికలును అదే మాట చెప్పును. ఇప్పుడు మేము ఊరికి పోవునపుడు వాకిలిని పొరుగింటి పిన్నిగారికి అప్పగించుచున్నాము. తెల్లవారగనే ఆమె నీళ్ళు చల్లి, నాలుగు చుక్కలు పెట్టి, పత్రిక తీసికొని పోవును.