బచ్చలిలో కొత్త షవర్ : గోడ లోపలి అతుకే కీలకం

పత్తికొండ : పాత ఇంటి బచ్చలికి కొత్త టైల్స్ వేయించి, మేస్త్రీ లెక్క తీర్చి పంపేశాక ఇంటివారికి మిగిలే ఆఖరి పని షవర్ బిగించడం. గోడలోని పైపులు పాతవే. కొత్తగా వచ్చేది గోడలోంచి వంపు తిరిగి బయటికి వచ్చే చిన్న గొట్టం ఒక్కటే. దుకాణాల్లో దీన్ని షవర్ ఆర్మ్ అంటారు. పావుగంట పనే కదా అని నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తారు. రెండు మూడు నెలలకు గోడ అవతలి గదిలో సున్నం పొక్కి రాలుతుంది. వానే లేని రోజుల్లో ఈ చెమ్మ ఎక్కడిదని మిద్దె ఎక్కి పగుళ్ళు వెతుకుతారు. తప్పు అక్కడ వుండదు.

కొళాయి కారితే కంటికి కనబడుతుంది. షవర్ అతుకు కారితే కనబడదు. తిప్పే వాల్వు కింద వుంటుంది, అతుకు దానికి పైన వుంటుంది. వాల్వు కట్టేసినంతసేపూ అతుకు దగ్గరికి నీటి ఒత్తిడి రాదు. స్నానం చేసేటప్పుడే కారుతుంది. అప్పుడు ఒళ్ళంతా నీళ్ళే కనుక ఎవరూ పట్టించుకోరు. రాతిగోడకు మట్టి అడుసుతో కట్టిన పాత ఇళ్ళలో ఈ తడి మరీ చేటు. లోపలి మట్టి మెత్తబడుతుంది, పైన చవుడు పడుతుంది. కొత్త టైల్స్ పగలగొడితే గాని మరమ్మతు కాదు.

టైల్ మందం మరవొద్దు

అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. పాత గోడ కట్టినప్పుడు లోపలి ఎల్బో మూతి గోడ పూతతో సమానంగా వుండేది. ఇప్పుడు దాని మీద సిమెంటు, టైలు కలిసి ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం దాకా మందం పెరుగుతుంది. ఎల్బో ఆ మేరకు లోపలికి పోతుంది. అర అంగుళం పైపు మర అంగుళానికి 14 చుట్లు. కొత్త ఆర్మ్ కొసన వుండే మర పొడవు తక్కువ. అది లోపలికి అందక రెండు మూడు చుట్లకే పట్టి నిలుస్తుంది. చూడ్డానికి బిగిసినట్టే వుంటుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఎక్స్‌టెన్షన్ నిపుల్ అనే ఇత్తడి ముక్క అర అంగుళం, అంగుళం పొడవుల్లో దొరుకుతుంది. పెన్సిలు లోపలికి పెట్టి, టైలు ముఖం దగ్గర గీత గీసి ఎల్బో ఎంత లోతున వుందో కొలుచుకుని తెచ్చుకోవాలి. టేపు చుట్టకముందు చేత్తో తిప్పి చూస్తే కనీసం నాలుగైదు చుట్లయినా పట్టాలి.

బిగించే ముందు ట్యాంకు వాల్వు కట్టేసి, కింది కొళాయి తిప్పి గొట్టంలోని నీళ్ళు వదిలేయాలి. ఎల్బో మరలో పాత జనపనార, సఫేదా గడ్డకట్టి వుంటే పాత బ్రష్షుతో శుభ్రం చేయాలి. జి.ఐ. పైపులైతే తుప్పు చూసుకోవాలి. మర తినేసి వుంటే ఆ ఎల్బో మార్చాల్సిందే. టైల్స్ వేయకముందే ఈ సంగతి తేల్చుకున్నవారు అదృష్టవంతులు.

టెఫ్లాన్ టేపు చుట్టడంలోనూ ఒక దిక్కు వుంది. మర కొస మనవైపు వుంచుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు విడిపోతుంది. మొదట చేత్తో, తర్వాత గుడ్డ చుట్టిన పానాతో తిప్పాలి. మూతి కిందికి రాకముందే బిగిసిందని వెనక్కి తిప్పకూడదు. తిప్పారంటే టేపు తీసి మళ్ళీ చుట్టాలి. అలాగని బలం చూపించనూ కూడదు. లోపల ఇత్తడి మర లేని ప్లాస్టిక్ ఎల్బో అయితే గోడలోనే చిట్లుతుంది.

గోడను ఆనుకునే బిళ్ళ మూయకముందే పరీక్ష జరగాలి. షవర్ తల బిగించకుండా ఆర్మ్ కొసకు మూత బిగించి, వాల్వు తెరిచి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి టార్చి వేసి, గొట్టం చుట్టూ పొడి కాగితం ఆనించి చూడాలి. తడి అంటితే విప్పి మళ్ళీ కట్టాలి. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా నాలుగు లీటర్లు దాటుతుంది. స్నానమప్పుడే కారే అతుకుకు అంత కాకపోవచ్చు, గోడకు అందులో పదో వంతు చాలు.

మిద్దె ఎత్తు చాలదు

అన్నీ సరిగా బిగించినా నీళ్ళు సన్నగా వస్తున్నాయని ప్లంబరును తిట్టుకునేవారు వున్నారు. అతని తప్పు కాదు. మిద్దె పది పదకొండు అడుగులు, షవర్ ఏడు అడుగులు. ట్యాంకు మిద్దె మీద నేరుగా కూర్చుంటే మధ్య ఎత్తు నాలుగడుగులే. పది మీటర్ల ఎత్తుకు గాని చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి రాదు. ట్యాంకు కింద నాలుగైదడుగుల దిమ్మె కట్టించుకుంటే తేడా తెలుస్తుంది. పళ్ళెమంత వెడల్పు షవర్లు ఈ ఒత్తిడికి పనికిరావు.

నీటి లెక్కా చూసుకోవాలి. గవర్నర్ థామస్ మన్రో 1827 జూలైలో కలరాతో కన్నుమూసింది పత్తికొండలోనే. ఆయన గుర్తుగా ప్రభుత్వం ఇక్కడ చేసిన పనుల్లో ఒకటి రాతిమెట్ల బావి తవ్వించడం. ఈ ఊరికి ఏది అవసరమో అప్పటివారికీ తెలిసినట్టుంది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. నిమిషానికి పది లీటర్లు వదిలే షవర్ కింద అయిదు నిమిషాలు నిలబడితే 50 లీటర్లు ఖర్చు. బకెట్టు స్నానం పదిహేను, ఇరవై లీటర్లతో ముగుస్తుంది. సబ్బు రుద్దుకునేటప్పుడు వాల్వు కట్టేస్తే షవర్‌తోనూ అంతలోనే సరిపెట్టుకోవచ్చు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో షవర్ రంధ్రాలు సున్నం పేరుకుని మూసుకుపోతాయి. తల విప్పి కొంతసేపు నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్దితే తెరుచుకుంటాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తే పైపూత పోతుంది. తల విప్పేటప్పుడు ఆర్మ్ కదలకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. లేకుంటే లోపలి అతుకు వదులవుతుంది.