పడవకు తగిన ఫ్యాను ఏది?

భీమిలి, ఉప్పాడ, నిజాంపట్నం లాంటి తీరాల్లో కొత్త ఇంజిన్ కొనే మత్స్యకారుడు ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. ఆ తర్వాత గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందని, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతాడు. ఇంజిన్ కింద నీళ్లలో తిరిగే ఫ్యాను, అంటే ప్రొపెల్లర్ సంగతి చాలాసార్లు మాటల్లోకే రాదు. మోటారుతో పాటు ఏది వస్తే దాన్నే బిగించుకుని వేటకు బయలుదేరతాడు. ఇంజిన్ పుట్టించిన శక్తి నీటికి చేరడానికి ఆ రెక్కలు తప్ప వేరే దారి లేదు. అవి పడవకు, దాని బరువుకు సరిపడకపోతే ఎంత మంచి ఇంజిన్ అయినా ఇంధనం ఎక్కువ తాగుతుంది, అనుకున్నదానికంటే ముందే షెడ్డుకు చేరుతుంది.

ఔట్‌బోర్డు మోటారు ఫ్యాను మీద సాధారణంగా రెండు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 9.25 × 9. రెండూ అంగుళాల లెక్కే. మొదటిది వ్యాసం: రెక్కల కొసలు తిరుగుతూ గీసే వృత్తం అడ్డుకొలత. రెండోది పిచ్: నీళ్లు కాస్త కూడా జారకుండా గట్టిగా ఉన్నాయనుకుంటే, ఫ్యాను ఒక్క చుట్టు తిరిగినప్పుడు ముందుకు సాగే దూరం. పిచ్ పెరిగేకొద్దీ రెక్కలు ఎక్కువ వాలుగా ఉంటాయి, ఒక్కో చుట్టుకూ నీటిని ఎక్కువ దూరం నెడతాయి. పిచ్ ఎక్కువైతే పడవ ఎక్కువ వేగంగా పోతుందన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టింది. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ఒక చిన్న లెక్క చెబుతుంది.

9.9 హార్స్‌పవర్ తరగతి పెట్రోలు ఔట్‌బోర్డు నిమిషానికి 5500 చుట్లు తిరుగుతోందనుకుందాం. గేరు పెట్టె ఆ వేగాన్ని తగ్గించి ఫ్యానుకు అందిస్తుంది. ఈ తరగతి మోటార్లలో తరచూ కనిపించే గేరు నిష్పత్తి 2.08. అంటే ఫ్యాను తిరిగేది నిమిషానికి దాదాపు 2640 చుట్లు. పిచ్ 9 అంగుళాలు, అంటే 22.86 సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే నిమిషానికి 600 మీటర్ల పైచిలుకు, గంటకు సుమారు 36 కిలోమీటర్లు. సముద్రం లెక్కలో ఇది 19 నాట్లు దాటిన వేగం. వలలు, ఐసు పెట్టెలు, నలుగురు మనుషులతో వేటకు వెళ్లే పడవ ఆ వేగం దరిదాపుల్లోకి కూడా రాదు.

దానికి కారణం నీటిలోనే ఉంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు ఒక కెరటాన్ని లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కెరటం పొడవూ పెరుగుతుంది. కెరటం పొడవు పడవ పొడవుతో సమానమయ్యాక పడవ తాను లేపిన కెరటాన్నే ఎక్కాల్సి వస్తుంది. అక్కడి నుంచి కొంచెం వేగం పెరగాలన్నా శక్తి విపరీతంగా కావాలి. ఈ హద్దును అంచనా వేయడానికి పడవలు కట్టేవాళ్లు ఒక సూత్రం వాడతారు. నీటిమట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే హద్దు వేగం నాట్లలో వస్తుంది. పొడవు 25 అడుగులైతే వర్గమూలం 5, హద్దు 6.7 నాట్లు. తేలికపాటి ఫైబర్ పడవ ఖాళీగా ఉన్నప్పుడు ఈ హద్దును కొంత దాటగలదు. నిండు బరువుతో చిన్న ఇంజిన్ మీద నడిచే పడవకు అది సాధ్యం కాదు.

లెక్క ప్రకారం రావాల్సిన వేగానికీ నిజంగా వచ్చే వేగానికీ మధ్య తేడాను స్లిప్ అంటారు. ఏడు నాట్లు పోయే పడవకు 19 నాట్ల ఫ్యాను బిగిస్తే స్లిప్ 60 శాతం దాటుతుంది. స్లిప్ అసలే లేకపోతే ఫ్యాను నీటిని వెనక్కి నెట్టలేదు, పడవ కదలదు. కాబట్టి కొంత స్లిప్ తప్పదు. ఇంత ఎక్కువగా ఉంటే మాత్రం ఇంజిన్ శక్తిలో పెద్ద భాగం పడవను నడపకుండా నీటిని చిలకడానికే పోతోందని అర్థం. ఘాట్ రోడ్డు ఎక్కే లోడు లారీని పై గేరులో తోలితే ఇంజిన్ ఎలా మూలుగుతుందో, పిచ్ ఎక్కువైన ఫ్యానుతో బరువు పడవ ఇంజిన్ కూడా అలాగే మూలుగుతుంది.

నీటిని ఎలా నెట్టాలన్న ప్రశ్నకు 19వ శతాబ్దంలో స్కాట్లండ్ ఇంజినీరు విలియం రాంకిన్, ఆ తర్వాత ఫ్రూడ్ తండ్రీకొడుకులు గణితంతో జవాబిచ్చారు. నిలకడగా ఉన్న నీటిలో సెకనుకు 100 కిలోల నీటిని 2 మీటర్ల వేగంతో వెనక్కి నెడితే 200 న్యూటన్ల తోపు వస్తుంది. సెకనుకు 200 కిలోల నీటిని 1 మీటరు వేగంతో నెట్టినా అదే 200 న్యూటన్లు. తోపు సమానమే, ఖర్చు సమానం కాదు. మొదటి పద్ధతిలో నీటికి ధారపోసే శక్తి 200 వాట్లు, రెండో పద్ధతిలో 100 వాట్లే. కొద్ది నీటిని గట్టిగా విసరడం కంటే ఎక్కువ నీటిని మెల్లగా నెట్టడం లాభం. నిదానంగా నడిచే బరువు పడవకు పెద్ద వ్యాసం, చిన్న పిచ్, తక్కువ చుట్లు ఉన్న ఫ్యాను నప్పేది ఇందుకే.

తయారీదారులు కూడా ఈ సూత్రాన్ని పాటిస్తారు. యమహా టీ9.9 లాంటి హై థ్రస్ట్ మోటార్లలో గేరు నిష్పత్తి 2.92. మామూలు మోటారుతో పోలిస్తే ఇందులో ఫ్యాను బాగా నెమ్మదిగా తిరుగుతుంది, వ్యాసం పన్నెండు అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. గుర్రాల లెక్క మారలేదు, నీటిని నెట్టే తీరు మారింది.

అలాగని మామూలు మోటారుకు ఇష్టం వచ్చినంత పెద్ద ఫ్యాను బిగించడం కుదరదు. ఒకే వేగంతో తిరిగేటప్పుడు ఫ్యాను మింగే శక్తి దాని వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసం 10 శాతం పెంచితే అదే చుట్లకు 61 శాతం ఎక్కువ శక్తి కావాలి. అంత శక్తి ఇంజిన్‌లో ఉండదు. పైగా ఔట్‌బోర్డులో ఫ్యానుకు పైన అడ్డపలక ఉంటుంది, దాని కింద ఉన్న చోటు కొద్దే. అందుకే మోటారును బట్టి వ్యాసం దాదాపుగా ముందే ఖరారైపోతుంది. మత్స్యకారుడి చేతిలో మిగిలేది ముఖ్యంగా పిచ్ ఎంపిక.

సరైన పిచ్ ఏదో తేల్చడానికి నమ్మకమైన పద్ధతి ఒక్కటే. మామూలుగా వేటకు తీసుకెళ్లే బరువంతా పడవలో ఉంచి, నీళ్లు నెమ్మదిగా ఉన్న చోట థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కొలవాలి. పోటు, పాటు ప్రభావం పోవడానికి రెండు దిక్కులా నడిపి చూడాలి. పెట్రోలు ఇంజినుకు స్పార్క్ ప్లగ్ వైరు మీద చుట్టే చిన్న టాకోమీటరు సరిపోతుంది. డీజిల్ ఇంజినుకైతే ఫ్లైవీలు మీద మెరిసే పట్టీ అంటించి, కాంతితో చుట్లు లెక్కపెట్టే చేతి మీటరు వాడవచ్చు. వచ్చిన అంకెను మోటారు పుస్తకంలో తయారీదారు ఇచ్చిన హద్దులతో పోల్చాలి. చాలా చిన్న ఫోర్‌స్ట్రోక్ మోటార్లకు ఆ హద్దులు 5000కూ 6000కూ మధ్య ఉంటాయి.

చుట్లు కింది హద్దును కూడా అందుకోకపోతే పిచ్ ఎక్కువైనట్టు. పై హద్దును దాటిపోతుంటే తక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే చుట్లు సుమారు 150 నుంచి 200 వరకు పెరుగుతాయన్నది మెకానిక్కులు వాడే అంచనా. నిండు బరువుతో 4700 చుట్లు మాత్రమే తిరిగే ఇంజిన్‌ను 5300 దాకా తేవాలంటే 11 పిచ్ ఫ్యానును తీసి 8 పిచ్ ప్రయత్నించాలి. అంచనా అంచనాయే కాబట్టి కొత్త ఫ్యాను బిగించాక అదే బరువుతో మళ్లీ కొలవాలి.

ఈ పరీక్ష ఖాళీ పడవతో చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఒడ్డు దగ్గర ఇద్దరు మాత్రమే ఎక్కి నడిపినప్పుడు 11 పిచ్ ఫ్యాను దూసుకుపోతుంది, అందరికీ నచ్చుతుంది. వలలన్నీ ఎక్కించి, చేపలతో తిరిగి వచ్చేటప్పుడు అదే ఇంజిన్ చుట్లు అందుకోలేక లోపలే నలుగుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నా చుట్లు పెరగనప్పుడు సిలిండర్లలో వేడి, ఒత్తిడి పెరుగుతాయి, మసి పేరుకుంటుంది. డీజిల్ ఇంజిన్ ఈ ఇబ్బందిని నల్లటి పొగతో బయటపెడుతుంది. పిచ్ మరీ తక్కువైనా చేటే. అప్పుడు ఇంజిన్ హద్దు మీరి తిరిగి బేరింగులను, వాల్వులను అరగదీస్తుంది. రెండింటిలో చిన్న తీరాల్లో ఎక్కువ నష్టం చేసేది మొదటి తప్పు. చూడ్డానికి పడవ బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, ఇంజిన్ మాత్రం ట్రిప్పు తర్వాత ట్రిప్పు దెబ్బతింటూ ఉంటుంది.

కొన్నిసార్లు పిచ్ సరిగ్గానే ఉంటుంది, అయినా ఫ్యాను ఉన్నట్టుండి పట్టు కోల్పోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, పడవ మాత్రం ముందుకు పోదు. చాలావరకు ఇది పైనుంచి గాలి రెక్కల్లోకి చొరబడడం వల్ల జరుగుతుంది. మోటారును మరీ ఎత్తుగా బిగించడం, లేదా పడవకు పొట్టి కాలు మోటారు కొనడం దీనికి మూలం. చిన్న మోటార్లు ముఖ్యంగా రెండు కొలతల్లో వస్తాయి: 15 అంగుళాల పొట్టి కాలు, 20 అంగుళాల పొడవు కాలు. ఫ్యాను మీది అడ్డపలక పడవ అడుగుతో సమంగా గానీ, ఒక అంగుళం కిందకు గానీ ఉండేలా బిగిస్తే గాలి బెడద చాలావరకు తగ్గుతుంది.

రెండో రకం చిక్కు పేరు కావిటేషన్. రెక్క వీపున ఒత్తిడి బాగా పడిపోయినప్పుడు నీరు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు చితికినచోట లోహం గుంటలు పడుతుంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ పార్సన్స్ 1894లో ఆవిరి టర్బైనుతో నడిచే టర్బీనియా నౌకను కట్టినప్పుడు, ఒకే షాఫ్టుతో వేగంగా తిరిగిన ఫ్యాను ఈ బుడగల వల్లే అనుకున్న వేగం ఇవ్వలేదు. ఆయన 1895లో నీటి సొరంగం ఒకటి తయారుచేసి, బుడగలు ఎలా పుడతాయో అద్దంలోంచి కళ్లారా చూశాడు. ఆ తర్వాత మూడు షాఫ్టులు వేసి ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది ఫ్యాన్లు బిగించాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో టర్బీనియా 34 నాట్ల వేగంతో పరుగెత్తి నౌకాదళాన్ని ఆశ్చర్యపరిచింది. చిన్న మోటారులో కావిటేషన్‌కు తరచూ కారణం వంగిన అంచు, రాయి తగిలి పడిన గాటు. అందుకే రెక్క అంచున చిన్న నొక్కు కనిపించినా ఆకురాయితో సాపు చేయడం, పెద్ద వంపైతే సరిచేయించి సమతూకం చూపించుకోవడం అవసరం.

రెక్కలు ఎన్ని ఉండాలన్నది మరో ఎంపిక. మూడు రెక్కల ఫ్యాను అన్ని పనులకూ నడుస్తుంది. నాలుగు రెక్కల ఫ్యాను పై వేగం కాస్త తగ్గించినా బరువుతో కదిలేటప్పుడు పట్టు ఎక్కువ ఇస్తుంది, అదురు తక్కువ. లోహం విషయంలో చిన్న వేట పడవకు అల్యూమినియం సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కలు పలుచగా, గట్టిగా ఉంటాయి, ఎక్కువకాలం మన్నుతాయి. ధర కూడా ఎక్కువే. పైగా రాయికి తగిలినప్పుడు అల్యూమినియం రెక్క తాను వంగి దెబ్బను చాలావరకు భరిస్తుంది, స్టీలు రెక్క ఆ దెబ్బను లోపలి గేర్ల దాకా పంపే ప్రమాదం ఉంది.

మన తూర్పు తీరానికి ఇంకో ప్రత్యేకత ఉంది. చాలా ఊళ్లలో రేవు లేదు. పడవ కెరటాలు దాటుకుంటూ నేరుగా ఇసుక మీదికి రావాలి, అప్పుడు ఫ్యాను పైకి లేవాలి. పొడవాటి షాఫ్టు చివర ఫ్యాను ఉండే లాంగ్‌టెయిల్ డీజిల్ ఇంజిన్లు ఈ తీరంలో నిలదొక్కుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఈ చిక్కు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. నార్వేకు చెందిన నౌకా రూపశిల్పి ఓయివిండ్ గుల్‌బ్రాండ్‌సెన్ ఆ కృషిలో ముఖ్యుడు. నీళ్లు చొరబడని పెట్టెలో ఇంజిన్ ఉంచి, ఇంజిన్, షాఫ్టు, ఫ్యాను మూడూ కలిసి వాలి పైకి లేచేలా చేసిన బాబ్‌డ్రైవ్ అనే ఏర్పాటు ఆ కార్యక్రమం నుంచే వచ్చింది. చిన్న పడవల్లో ఇంధన పొదుపు గురించి గుల్‌బ్రాండ్‌సెన్ రాసిన చేతిపుస్తకాన్ని ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రచురించింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట విరామం ఉంటుంది. ఇంజిన్లు విప్పి బాగుచేసుకునే ఆ రోజుల్లోనే ఫ్యానునూ విప్పాలి. నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకుని ఉంటే సీలు కోసుకుపోయి నీళ్లు గేరు నూనెలో కలుస్తాయి, అప్పుడు నూనె పాలలా తెల్లగా కనిపిస్తుంది. రెక్కలకు అంటుకున్న గుల్లలు గీకేయాలి. ఫ్యాను నడుమ ఉండే రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి. బయటి భాగానికీ లోపలి భాగానికీ కలిపి రంగుతో ఒక గీత గీసి, పడవ నడిపాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయినట్టే. సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఒక స్పేర్ ఫ్యాను, నట్టు, స్ప్లిట్ పిన్ను పడవలో ఉంచుకుంటే, ఒడ్డుకు దూరంగా రెక్క విరిగినా తిరిగి రావడానికి దారి ఉంటుంది.

వేట మళ్లీ మొదలయ్యాక ఒక పోలిక చేసి చూడవచ్చు. ఒకే దూరం, ఇంచుమించు ఒకే బరువుతో పాత ఫ్యానుతో కొన్ని ట్రిప్పులు, పిచ్ తగ్గించిన ఫ్యానుతో కొన్ని ట్రిప్పులు తిరిగి, ట్రిప్పుకు ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో సరంగు రాసి పెట్టుకోవాలి. ఏ ఫ్యాను ఉంచాలో, ఏది స్పేరుగా పక్కన పెట్టాలో ఆ లీటర్ల లెక్కే చెబుతుంది.