ఎర్రని గ్రహంపై తెల్లని టోపీ

షాబాన్ ఇరవైతొమ్మిదో రోజు సాయంత్రం. పరిగిలో మగ్రిబ్ నమాజు కాగానే పిల్లాపెద్దలందరూ మిద్దెలెక్కి పడమటి దిక్కుకు చూపు సారిస్తారు. ఆకాశంలో నెలవంక ఉన్నప్పటికీ దిగంతాన దుమ్ము కమ్మితే కంటికి ఆనదు. అంగారకుని ధ్రువాల మీది మంచును పరిశీలించే శాస్త్రజ్ఞులకు ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా ఇదే. అందుతున్న వెలుగులో మంచు వాటా ఎంత? నడుమనున్న గాలి వాటా ఎంత?

తన మీద పడిన వెలుగులో ఒక ఉపరితలం ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందో తెలిపే నిష్పత్తిని 'ఆల్బిడో' అంటారు. తెల్లని మంచు ఎక్కువ వెలుగును తిప్పికొడుతుంది. అందుచేత తక్కువ వేడెక్కి, ఎక్కువ కాలం నిలుస్తుంది. దుమ్ము పడిన మంచు త్వరగా ఆవిరవుతుంది.

అంగారకుని గాలిలో దాదాపు 95 శాతం కార్బన్ డయాక్సైడే. ధ్రువాల వద్ద శీతాకాలంలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 125 డిగ్రీలకు పడిపోగా ఆ వాయువే గడ్డకట్టి నేల మీద పరుచుకుంటుంది. వసంతంలో తిరిగి గాలిలో కలుస్తుంది. లైటన్, ముర్రే అనే శాస్త్రజ్ఞులు 1966లోనే వేడిమి లెక్కలతో దీనిని ఊహించారు. 1976లో దిగిన వైకింగ్ నౌకలు రుతువులను బట్టి వాయుపీడనం పెరిగి తగ్గడాన్ని నమోదు చేశాయి. అంటే ఆ మంచు ఎంత తెల్లగా ఉందన్న దానిపై గ్రహమంతటి గాలి బరువు కూడా ఆధారపడి ఉంటుంది!

మరి గాలినీ మంచునూ వేరుచేసేదెలా? ఒకే చోటును నిటారుగానూ, ఏటవాలుగానూ చూస్తారు. ఏటవాలు చూపు ఎక్కువ గాలిని దాటుతుంది. రెండు కొలతల తేడాయే దుమ్ము లెక్క చెబుతుంది.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. మీథేన్‌ను వెదకడానికి అది తీసుకువెళ్ళిన సెన్సర్ కొలతల నుండి గ్రహపు పరావర్తన పటం కూడా రూపొందింది. 2021 ఫిబ్రవరి 9న అక్కడికి చేరిన యు.ఏ.ఇ. వారి 'అల్ అమల్' నౌక ఆ గ్రహ వాతావరణాన్ని గమనించడానికే వెళ్ళింది.

ఈ లెక్క మనకు పరాయిది కాదు. హిమాలయాల మంచుపై మసి, దుమ్ము పడితే అదీ త్వరగా కరుగుతుంది. నెలవంకకు సాక్ష్యమిచ్చేవాడు చూసినదే చెప్పాలి, చూడనిది చెప్పరాదు. శాస్త్రజ్ఞుడికీ అదే నియమం: 'చూశాను' అనే ముందు నడుమనున్న దుమ్మును లెక్కించుకోవాలి.